నాలుక కింద మాత్రా, మెథడోన్ సిరప్పా, నాల్ట్రెక్సోనా: ఒడిశా సరిహద్దులో మనవాళ్లకు ఏది కుదురుతుంది?

బ్రౌన్ షుగర్‌కో మత్తు ఇంజెక్షన్లకో అలవాటుపడిన మనిషి ఇంట్లో ఉంటే కుటుంబం మొదట అడిగే ప్రశ్న "ఏ మందు మంచిది?" అని. మందుల షాపతను ఒకటి చెబుతాడు, విశాఖలో ఉన్న మేనమామ ఇంకొకటి చెబుతాడు, పక్కింటాయన "మూడు నెలలు ఏదో ఒక కేంద్రంలో పడేయండి, వాడే దారికొస్తాడు" అంటాడు. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం లాంటి చోట్ల ఉండేవాళ్లు ఈ ప్రశ్నను కాస్త మార్చి అడగాలని నా అభిప్రాయం. మనం ఉన్న ఊరి నుంచి, మనకున్న పనితో, ఏడాదిపాటు తెగకుండా తీసుకోగలిగే మందు ఏది? పుస్తకం ప్రకారం అన్నిటికన్నా గట్టి మందైనా, బస్సు ఛార్జీలకు విసిగి మూడో నెలలో ఆపేస్తే దానితో ఒరిగేది లేదు. అంతకన్నా ఒక మెట్టు తక్కువదైనా చేతికి అందుతూ ఉంటే మనిషిని నిలబెడుతుంది.

ఆసుపత్రిలో చేరకుండా, ఇంటి దగ్గర ఉంటూనే ఓపీకి వెళ్లి తీసుకునే చికిత్స గురించే ఇక్కడ రాస్తున్నాను. అదీ పెద్దవాళ్లకు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల సంగతి వేరు.

## ముందుగా, ఇది నల్లమందు జాతి మత్తేనా?

ఆంధ్రా-ఒడిశా సరిహద్దు అనగానే అందరికీ గుర్తొచ్చేది గంజాయి. కుర్రాడు గంజాయి తాగుతున్నాడని తెలిసి "నాలుక కింద పెట్టే మాత్ర ఇప్పించండి" అని వచ్చే తల్లిదండ్రులు ఉంటారు. ఈ మందులు గంజాయికి పనిచేయవు. పైగా నల్లమందు జాతి మత్తు ఎరగని ఒంట్లోకి ఆ నాలుక కింది మాత్రను, అంటే బుప్రెనార్ఫిన్‌ను, పంపితే వాంతులు, మగత, చివరికి కొత్త అలవాటు తప్ప ఇంకేమీ రాదు. గంజాయికి కౌన్సెలింగే ప్రధాన చికిత్స.

సారాకూ బుప్రెనార్ఫిన్, మెథడోన్ మందులు కావు. కల్తీ కల్లులో కలిపే అల్ప్రజోలం, డయాజిపాం లాంటి నిద్రమాత్రల అలవాటుకూ కావు. నిద్రమాత్రలు, సారా అలవాటు ముదిరినవాళ్లు ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉంది. వాటికి దారి వేరు, డాక్టర్ పర్యవేక్షణ తప్పనిసరి.

మరి నల్లమందు జాతి అంటే ఏవి? నల్లమందు, బ్రౌన్ షుగర్ అనే నాసిరకం హెరాయిన్, పెంటాజొసిన్ ఇంజెక్షన్లు, ట్రమడాల్, టాపెంటడాల్ మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు. నడుం నొప్పికి మొదలుపెట్టిన ట్రమడాల్ రోజుకు పది మాత్రలకు చేరిన లారీ డ్రైవర్ తనను తాను వ్యసనపరుడినని అనుకోడు. కానీ అతనిదీ ఇదే జాతి. కేంద్ర ప్రభుత్వం 2018లో ట్రమడాల్‌ను మత్తుపదార్థాల చట్టం పరిధిలోకి తెచ్చింది ఇందుకే. 2019లో విడుదలైన జాతీయ సర్వే లెక్క ప్రకారం దేశంలో ఈ జాతి మత్తు వాడేవాళ్లు సుమారు 2.26 కోట్లు.

గుర్తుపట్టడం కష్టం కాదు. మత్తు అందక ఎనిమిది, పన్నెండు గంటలు గడిస్తే ఆగని ఆవలింతలు, ముక్కు కారడం, కళ్ల వెంట నీళ్లు, చలి లేకపోయినా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకోవడం, పెద్దవైన కనుపాపలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు, రాత్రంతా కాళ్లు లాగడం కనిపిస్తాయి. ఇంట్లో పెద్దవాళ్లు పడిశం అనుకుని కషాయం కాచిపెడతారు. మత్తు దొరగ్గానే ఆ "పడిశం" పావుగంటలో మాయమైతే, మీ అనుమానం నిజమే. హెరాయిన్ విషయంలో ఈ బాధ రెండో మూడో రోజున తారస్థాయికి వెళ్లి, వారం నాటికి చాలావరకు తగ్గుతుంది. తగ్గాక మిగిలేది కోరిక. చికిత్స అసలు పని దానితోనే.

## తేల్చుకోవలసిన విషయాలు

దూరం. మన జిల్లాల్లో మిగతావన్నీ దీని తర్వాతే. చికిత్స కేంద్రానికి మీరు రోజూ రాగలరా, వారానికోసారి రాగలరా, నెలకోసారేనా? బరంపురంలో ఉన్నవాళ్లకు ఎమ్‌కేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి ఊళ్లోనే ఉంది. జయపురం వాళ్లకు కొరాపుట్‌లో శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. రాయగడ నుంచి పార్వతీపురం, విజయనగరం మీదుగా రైలు విశాఖ చేరుస్తుంది. అక్కడ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. గుణుపురం, పర్లాకిమిడి వాళ్లు నౌపడ లైన్ మీద శ్రీకాకుళం వైపు దిగడమో, బస్సులో బరంపురం వెళ్లడమో చేయాలి. మల్కన్‌గిరి వాళ్లు ఎటు వెళ్లాలన్నా ముందు ఒక పూట బస్సులో కూర్చోవలసిందే.

పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నంత మాత్రాన ఈ మందులన్నీ అక్కడ ఉంటాయని అనుకోకూడదు. ఫోన్ చేసి మూడు ముక్కలు అడగండి: బుప్రెనార్ఫిన్ ఇస్తారా? రోజూ రావాలా, ఇంటికి ఇస్తారా? పక్క రాష్ట్రం ఆధార్ ఉంటే తీసుకుంటారా? జవాబు విన్నాకే బస్సెక్కండి. జాతీయ వ్యసన విముక్తి సహాయవాణి 14446 ఉచితం, దగ్గర్లోని కేంద్రం ఏదో చెబుతారు. మానసిక సమస్యలకు టెలి మానస్ 14416 రాత్రింబవళ్లు పనిచేస్తుంది, భాష ఎంచుకునే వీలు కూడా ఉంది.

ఇప్పటికే మానేశాడా, ఇంకా వాడుతున్నాడా. కొన్ని మందులు మొదలుపెట్టాలంటే మత్తు పూర్తిగా ఆగి వారం దాటాలి. కొన్నింటికి సగం రోజు చాలు.

పక్కనున్న జబ్బులు, ఇతర అలవాట్లు. క్షయ, కామెర్లు, హెచ్‌ఐవీ, గుండె జబ్బు, సారా, నిద్రమాత్రలు. ఒక్కటి కూడా దాచకుండా చెప్పాలి.

ఇంట్లో ఎవరున్నారు. మాత్రలు తాళం వేసి ఉంచి రోజుకో మోతాదు ఇచ్చే మనిషి ఉన్నారా? నిజానికి ఆ మనిషి ఉంటే సగం పని అయినట్టే.

## ఒక చూపులో

| ఎంపిక | ఎక్కడ తీసుకోవాలి | మొదలుపెట్టే ముందు | ఎవరికి కుదురుతుంది | ప్రధానమైన ఇబ్బంది |
|---|---|---|---|---|
| బుప్రెనార్ఫిన్, కేంద్రంలో రోజూ | కేంద్రంలో సిబ్బంది ముందు | మత్తు ఆగి కనీసం 12 గంటలు, బాధ మొదలై ఉండాలి | ఊళ్లోనే ఉండేవాళ్లు, ఇంజెక్షన్ వాడేవాళ్లు | రోజూ రావాలి |
| బుప్రెనార్ఫిన్-నాలోక్సోన్, ఇంటికి | ఇంట్లో, వారం లేదా రెండు వారాల మందు ఒకేసారి | పైదే | దూరపువాళ్లు, ఉద్యోగస్తులు | ఇంట్లో భద్రపరిచే మనిషి కావాలి |
| మెథడోన్ సిరప్ | కేంద్రంలో రోజూ | ఆగాల్సిన పని లేదు, మోతాదు నెమ్మదిగా పెంచాలి | బుప్రెనార్ఫిన్‌తో నిలవనివాళ్లు | కొన్ని కేంద్రాల్లోనే దొరుకుతుంది, తొలి వారాల్లో మోతాదు మించే ప్రమాదం |
| నాల్ట్రెక్సోన్ మాత్ర | ఇంట్లో | 7 నుంచి 10 రోజులు పూర్తిగా ఆపాలి | ఇప్పటికే మానేసి, ఇంట్లో గట్టి తోడు ఉన్నవాళ్లు | మధ్యలో మానేస్తే ప్రాణాపాయం |
| మానిపించడం మాత్రమే | ఓపీ లేదా పునరావాస కేంద్రం | ఏమీ లేదు | తర్వాతి చికిత్సకు తొలి మెట్టుగా | ఒక్కటే చేస్తే ఎక్కువమంది తిరిగి మొదలుపెడతారు |

## కేంద్రంలో రోజూ ఇచ్చే బుప్రెనార్ఫిన్

మత్తు కూర్చునే చోట్లు మెదడులో కొన్ని ఉంటాయి. బుప్రెనార్ఫిన్ బస్సులో సీటు మీద ముందే తుండు వేసి పెట్టినట్టు ఆ చోట్లను ఆక్రమించుకుంటుంది. తర్వాత ఎంత బ్రౌన్ షుగర్ వచ్చినా కూర్చోవడానికి చోటుండదు. తాను మాత్రం సగం బలంతోనే పనిచేస్తుంది. బాధ, కోరిక తగ్గుతాయి, మనిషి తూలడు. మోతాదు పెంచుతూ పోయినా ఒక హద్దు దాటాక ప్రభావం పెరగదు కాబట్టి, విడిగా వాడినప్పుడు ఊపిరి ఆగిపోయే ప్రమాదం మెథడోన్ కన్నా తక్కువ. సారా, నిద్రమాత్రలు దీనితో కలిస్తే ఆ రక్షణ పోతుంది. ఆ కలయికతో చనిపోయినవాళ్లు ఉన్నారు.

మన దేశంలో ఇది 0.4 మిల్లీగ్రాములు, 2 మిల్లీగ్రాముల మాత్రలుగా వస్తుంది. కేంద్రంలో ఏం జరుగుతుందంటే, నర్సు ఆ రోజు మోతాదును మీ ముందే పొడి చేసి నాలుక కింద వేస్తుంది. అది పూర్తిగా కరగడానికి ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. ఆ కాసేపూ మాట్లాడకూడదు, గుటక వేయకూడదు, నీళ్లు తాగకూడదు. మింగితే కాలేయమే చాలావరకు విరిచేస్తుంది, ఫలితం ఉండదు. చివర నోరు తెరిచి నాలుక పైకెత్తి చూపించాలి. కొందరికి ఇది అవమానంగా అనిపిస్తుంది. మందు బయటికి పోయి బజారుకెక్కకుండా ఉండేందుకే ఈ తనిఖీ, అంతకుమించి దానిలో ఏమీ లేదు. కరిగాక నీళ్లు పుక్కిలించి మింగండి, మరో గంట వరకు పళ్లు తోమకండి. పళ్లు పుచ్చే సమస్య ఉందని అమెరికా ఔషధ సంస్థ 2022లో హెచ్చరించింది.

మొదటి మోతాదు విషయంలో చాలామంది తొందరపడతారు. ఉదయం మత్తు వేసుకుని, మధ్యాహ్నం కేంద్రానికి వచ్చి మాత్ర వేసుకుంటే బాధ తగ్గాల్సింది పోయి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. బుప్రెనార్ఫిన్ హెరాయిన్‌ను ఆ చోట్ల నుంచి నెట్టేస్తుంది కదా, అందుకు. "ఆ మందు నాకు పడలేదు" అని జన్మలో మళ్లీ రానివాళ్లలో చాలామందికి జరిగింది ఇదే. రాత్రి ఆపి, ఉదయం ఆవలింతలు, ముక్కు కారడం మొదలయ్యాక రండి. ఆఖరిసారి ఎప్పుడు వాడారో గంటతో సహా నిజం చెప్పండి.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఆధ్వర్యంలోని ప్రత్యామ్నాయ మందుల కేంద్రాల్లో ఈ మందు ఉచితం. అవి ప్రధానంగా సూదితో మత్తు వాడేవాళ్ల కోసం పెట్టినవి. ఇంజెక్షన్ అలవాటు ఉన్నవాళ్లకు హెచ్‌ఐవీ పరీక్ష కూడా ఆ ఏర్పాటులోనే అందుతుంది కాబట్టి, అలాంటి కేంద్రం ఊళ్లో ఉంటే నేను ఇంకో ఆలోచన చేయమనను. పొగ పీల్చి వాడేవాళ్లు, మాత్రలు మింగేవాళ్లు మాత్రం మానసిక వైద్య విభాగం వైపు వెళ్లాలి.

## ఇంటికి ఇచ్చే బుప్రెనార్ఫిన్-నాలోక్సోన్

మాత్రలో నాలోక్సోన్ అనే మత్తు విరుగుడు మందును ఎందుకు కలుపుతారంటే, నాలుక కింద పెట్టినప్పుడు అది ఒంటికి పెద్దగా అందదు. ఎవరైనా కరిగించి సూదితో ఎక్కించుకుంటే మాత్రం అది పనిచేసి బాధను రప్పిస్తుంది. దుర్వినియోగానికి అడ్డుకట్ట అన్నమాట. నమ్మకం కుదిరాక డాక్టర్ వారానికో రెండు వారాలకో సరిపడా ఇస్తారు. 2020 లాక్‌డౌన్‌లో రోజూ రావాల్సిన కేంద్రాలు సైతం ఇంటికి మందు ఇచ్చాయి.

రాయగడ, మల్కన్‌గిరి వైపు ఉండి కూలి పనో దుకాణమో చూసుకునేవాళ్లకు నా మొదటి సలహా ఇదే. రోజూ కేంద్రానికి వెళ్లడం అంటే సగం కూలి వదులుకోవడం. ఇంట్లో మందు ఉంటే ఉదయం పది నిమిషాల పని. అయితే మాత్రలు బీరువాలో, తాళం లోపల ఉండాలి. పసిపిల్లలకు ఒక్క మాత్ర చాలు ప్రాణం మీదికి రావడానికి. తాళం చెవి భార్య దగ్గరో అన్నయ్య దగ్గరో ఉంటే మంచిది. ఎంత మంచివాడైనా కోరిక రేగిన రాత్రి చేతిలో పద్నాలుగు రోజుల మందు ఉండడం మంచిది కాదు.

ఇది మామూలు మందుల షాపులో దొరికే సరుకు కాదు. వ్యసన చికిత్స చేసే ఆసుపత్రుల ద్వారానే అందుతుంది. ఎవరైనా చీటీ లేకుండా అమ్ముతున్నారంటే అది దొంగ సరుకు.

## మెథడోన్ సిరప్

తాగే ద్రవం, ఒక మిల్లీలీటరులో 5 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. పూర్తి బలంతో పనిచేస్తుంది కాబట్టి, ఏళ్ల తరబడి ఎక్కువ మోతాదులో హెరాయిన్ వాడినవాళ్లను ఇది బాగా పట్టి ఉంచుతుంది. చికిత్సలో కొనసాగేవాళ్ల శాతం బుప్రెనార్ఫిన్ కన్నా మెథడోన్‌లో కొంత ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఈ రెండింటినీ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

కానీ ఇది ఒంట్లో నెమ్మదిగా పేరుకుంటుంది. మొదటి రోజు చాలలేదనిపించిన మోతాదే నాలుగో రోజుకు ఎక్కువైపోవచ్చు. అందుకే తొలి రెండు వారాలూ కళ్లలో వత్తులేసుకుని చూడాలి. గుండె లయ మీద ప్రభావం ఉంది, ఈసీజీ తీయించమంటే తీయించండి. దేశంలో కొన్ని ప్రభుత్వ కేంద్రాల్లోనే ఇస్తారు కాబట్టి మన జిల్లాల్లో దీని గురించి ఎక్కువ ఆలోచించి ప్రయోజనం లేదు. బుప్రెనార్ఫిన్ సరైన మోతాదులో ఇచ్చినా నిలవలేకపోతే, అప్పుడు ఇది ఎక్కడ దొరుకుతుందో డాక్టర్‌ను అడగవచ్చు. సరైన మోతాదు అన్న మాట గుర్తుంచుకోండి. "బుప్రెనార్ఫిన్ పనిచేయలేదు" అన్నవాళ్లలో చాలామందికి అందింది చాలీచాలని మోతాదే.

## నాల్ట్రెక్సోన్

కుటుంబాలకు ఇది నచ్చుతుంది, ఎందుకంటే దీనిలో మత్తు అనేదే లేదు. చోట్లను మూసేస్తుంది, అంతే. వేసుకున్న రోజు బ్రౌన్ షుగర్ వాడినా ఏమీ అనిపించదు. సాధారణంగా రోజుకు 50 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. డాక్టర్ చీటీ ఉంటే బయట షాపుల్లో కొనుక్కోవచ్చు, చెక్‌పోస్టు దగ్గర భయం లేదు.

మరి అందరికీ ఇదే ఇవ్వవచ్చు కదా? ఇవ్వలేం. మొదలుపెట్టే ముందు వారం, పది రోజులు ఏ మత్తూ ఉండకూడదు. ఉంటే తీవ్రమైన బాధ గంటల తరబడి వస్తుంది. ఆ పది రోజులు దాటించడమే పెద్ద పని. దాటాక కూడా, కోరికను ఇది పెద్దగా తగ్గించదు కాబట్టి చాలామంది కొన్ని వారాల్లోనే మాత్ర పక్కన పెట్టేస్తారు. అప్పటికి ఒంటికి పాత అలవాటు పోయి ఉంటుంది. పాత మోతాదే వేసుకుంటే ఊపిరి ఆగిపోతుంది.

రోజూ ఉదయం కాఫీతో పాటు కళ్ల ముందు వేయించే తల్లి, భార్య ఉన్నవాళ్లకు, ఉద్యోగం పోతుందన్న భయం గట్టిగా ఉన్నవాళ్లకు ఇది చక్కగా పనిచేస్తుంది. కాలేయ పరీక్ష ముందే చేయించాలి. వాహనం నడిపేవాళ్లు ఈ మందు వాడుతున్నట్టు ఒక చీటీ జేబులో ఉంచుకోవాలి. ప్రమాదం జరిగితే ఆసుపత్రిలో మార్ఫిన్, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు పనిచేయవు, ఆ సంగతి డాక్టర్‌కు తెలియాలి.

## "మానిపించి పంపండి చాలు" అనేవాళ్లకు

ఎక్కువమంది కోరుకునేది ఇదే, నేను ఎక్కువగా భయపడేదీ దీని గురించే. క్లోనిడిన్, నొప్పి మందులు, నిద్ర మందులతో వారం పది రోజులు బాధ దాటించి, "ఇక మానేశాడు" అని ఇంటికి పంపడం. లేదా మూడు నెలలు పునరావాస కేంద్రంలో ఉంచి, సన్నగా, శుభ్రంగా, గుండు చేయించి తీసుకురావడం. ఇంట్లో అందరికీ ఊరట. పండగకు కొత్త బట్టలు. ఆ తర్వాత పాత స్నేహితుడు కనబడతాడు.

ఒంటి అలవాటు పోయి, కోరిక మాత్రం అలాగే ఉన్న మనిషి అన్నిటికన్నా ప్రమాదంలో ఉన్న మనిషి. అనేక దేశాల సమాచారాన్ని కలిపి 2017లో ప్రచురించిన విశ్లేషణలో, మెథడోన్ లేదా బుప్రెనార్ఫిన్ చికిత్సలో ఉన్నప్పటి కన్నా చికిత్స బయట మరణాల రేటు రెండింతలకు పైగా ఉందని తేలింది. మందు ఆపిన మొదటి నాలుగు వారాలు మరీ ప్రమాదం. జైలు నుంచి విడుదలైనవాళ్లదీ ఇదే పరిస్థితి.

"ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటగడుతున్నారు" అన్న మాట పెద్దలు అనకుండా ఉండరు. బ్రౌన్ షుగర్ మనిషిని రోజుకు మూడు నాలుగు సార్లు పైకి లేపి కింద పడేస్తుంది. ప్రతిసారీ డబ్బు కోసం పరుగు, అబద్ధం, ఇంట్లో గిన్నె మాయం. బుప్రెనార్ఫిన్ ఇరవై నాలుగు గంటలు ఒకే మట్టంలో ఉంచుతుంది. పనికి పోతాడు, అన్నం తింటాడు, నిద్రపోతాడు. నెల తర్వాత మీ ఇంట్లో కనిపించే మార్పు ఆ పెద్దాయనకు చూపించండి, వాదన అక్కర్లేదు.

కేంద్రంలో చేర్చక తప్పదనుకుంటే, అది మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 కింద నమోదైనదేనా, డాక్టర్ ఉన్నారా, ఇంటికి వచ్చాక మందు కొనసాగిస్తారా అని అడగండి. కట్టేయడం, కొట్టడం జరిగే చోటికి ఎట్టి పరిస్థితుల్లోనూ పంపవద్దు.

## కొందరి సంగతి ప్రత్యేకం

గర్భిణికి బుప్రెనార్ఫిన్ గానీ మెథడోన్ గానీ కొనసాగించడమే సురక్షితం. బిడ్డకు హాని అని భయపడి ఒక్కసారిగా ఆపితే గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం పెరుగుతుంది. పుట్టిన బిడ్డకు కొన్ని రోజులు చిరాకు, వణుకు ఉండవచ్చు, దానికి చికిత్స ఉంది. కాన్పు ఎక్కడ చేయించుకుంటారో అక్కడి డాక్టర్‌కు ముందే చెప్పాలి. అత్తగారికి చెప్పకపోయినా ఫర్వాలేదు, డాక్టర్‌కు చెప్పకపోతే ఎలా?

క్షయ మందులు వాడేవాళ్లు జాగ్రత్త. రిఫాంపిసిన్ మెథడోన్‌ను ఒంట్లోంచి వేగంగా తుడిచేస్తుంది, బుప్రెనార్ఫిన్‌నూ బాగా తగ్గిస్తుంది. మోతాదు చాలక బాధ మళ్లీ మొదలైతే "మందు పనిచేయడం లేదు" అని రెండూ ఆపేసేవాళ్లుంటారు. ఆపవద్దు, మోతాదు సరిచేయించుకోండి. ఆరు నెలల కోర్సు అయ్యాక మళ్లీ తగ్గించాల్సి వస్తుంది, అదీ డాక్టర్‌కు గుర్తుచేయండి. సూదులు పంచుకున్నవాళ్లు హెపటైటిస్-సి పరీక్ష చేయించుకోవాలి. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద దాని చికిత్స ఉచితం.

నడుం నొప్పి, ప్రమాదపు గాయాల వల్ల ట్రమడాల్‌కు అలవాటుపడినవాళ్లు నొప్పి సంగతి కూడా చెప్పాలి. బుప్రెనార్ఫిన్‌కు నొప్పి తగ్గించే గుణం ఉంది. రోజు మోతాదును రెండు మూడుసార్లుగా పంచి ఇస్తే ఇలాంటివాళ్లకు ఒకే మందుతో రెండు పనులు అవుతాయి.

## చట్టం, చెక్‌పోస్టులు

గంజాయి రవాణా వల్ల సరిహద్దు రోడ్ల మీద తనిఖీలు మామూలే. బుప్రెనార్ఫిన్ మత్తుపదార్థాల చట్టం పరిధిలోని మందు. మాత్రలను విడిగా కాగితంలో చుట్టి జేబులో వేసుకుని బస్సెక్కవద్దు. స్ట్రిప్పుతో సహా, ఆసుపత్రి ముద్ర ఉన్న చీటీతో, మీ పేరున్న ఓపీ కార్డుతో పెట్టుకోండి. చీటీ ఫోటో ఫోనులో ఉంచండి.

ఆసుపత్రికి వెళితే పోలీసులకు చెబుతారేమోనన్న భయం చాలామందిని ఇంట్లోనే ఉంచేస్తోంది. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. 1985 నాటి మత్తుపదార్థాల చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. వాడకం కేసు గానీ, కొద్ది పరిమాణం దొరికిన కేసు గానీ ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు వస్తే, విచారణ నుంచి మినహాయింపు పొందవచ్చు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ మినహాయింపు పోవచ్చు. హెరాయిన్‌కు కొద్ది పరిమాణం 5 గ్రాములు, నల్లమందుకు 25 గ్రాములు. అమ్మకం కేసులకు ఇది వర్తించదు.

## మొదటి నెలలో

ఆధార్, పాత మందుల చీటీలు, చేసిన పరీక్షల కాగితాలు, ఇంట్లో ఒకరు తోడు. మొదటి రెండు వారాల్లో మోతాదు మారుతూ ఉంటుంది, కాబట్టి దూరపువాళ్లు ఆ కొద్ది రోజులూ బరంపురంలోనో విశాఖలోనో బంధువుల ఇంట్లో ఉంటే మంచిది. మలబద్ధకం వస్తుంది, నీళ్లు, ఆకుకూరలు ఎక్కువ తీసుకోండి. బుప్రెనార్ఫిన్ ఒక రోజు తప్పితే కంగారు లేదు. వరసగా కొన్ని రోజులు తప్పి, మధ్యలో బ్రౌన్ షుగర్ వాడి ఉంటే, సొంతంగా మళ్లీ మొదలుపెట్టకుండా డాక్టర్‌కు చెప్పండి. ఎవరైనా కనుపాపలు సూదిమొనంతై, పెదాలు నీలమై, ఊపిరి నెమ్మదిస్తూ ఉంటే 108కి ఫోన్ చేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరిని గమనిస్తూ ఉండండి. ఏం వాడాడో నిజం చెప్పండి. నాలోక్సోన్ ఇంజెక్షన్‌తో ప్రాణం నిలబెట్టే వీలుంటుంది.

ఎన్నాళ్లు వాడాలి? కనీసం ఏడాది. కొందరికి ఇంకా ఎక్కువ. ఆపాలనుకున్నప్పుడు నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. పెళ్లి కుదిరిందనో, అందరూ అంటున్నారనో ఆపడం సరైన కారణం కాదు.

గంజాం నుంచి సూరత్‌కు, రాయగడ వైపు నుంచి విశాఖ, చెన్నైలకు పనికి పోయేవాళ్లు చికిత్స తెగిపోకుండా ముందే చూసుకోవాలి. బయలుదేరే రోజు కాకుండా కనీసం రెండు వారాల ముందు డాక్టర్‌కు చెప్పి, ప్రస్తుత మోతాదు, మొదలైన తేదీ, ఆఖరి మోతాదు తేదీ రాసి ముద్ర వేసిన బదిలీ లేఖ తీసుకోండి. 14446కు ఫోన్ చేసి, వెళ్లే ఊళ్లో కేంద్రం ఏదో కనుక్కుని, అక్కడికి చేరిన మర్నాడే ఆ లేఖ చూపించండి.